ఫొటో లైబ్రరీ పాడైనా, కనిపించకపోయినా: రిపేర్, బ్యాకప్, రికవరీలలో ముందు ఏది?

"ఫొటోలన్నీ పోయాయి" అని ఎవరైనా ఫోన్ చేస్తే, డిస్క్‌లో ఖాళీ ఎంత ఉందో చూడమంటాను నేను మొదట. పదేళ్ళ ఫొటోలు, వీడియోలు కలిస్తే వందల జీబీ అవుతాయి. అవి నిజంగానే డిలీట్ అయి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ అయి ఉంటే అంత చోటు ఒక్కసారిగా మిగలాలి. మొన్న 20 జీబీ ఖాళీ ఉండి ఇవాళా అంతే ఉందంటే ఫొటోలు దాదాపుగా డిస్క్‌లోనే ఉన్నాయి, వాటిని చూపించాల్సిన యాప్‌కే అవి ఎక్కడున్నాయో తెలియడం లేదు. ఈ ఒక్క లెక్కతో సగం టెన్షన్ తగ్గుతుంది. తొందరపడి ఏదో ఒకటి నొక్కకుండా ఆగడానికి కూడా వీలవుతుంది.

ఆగడం ఎందుకు ముఖ్యమంటే, ఇలాంటప్పుడు మన ముందు చాలా దారులు ఉంటాయి. యాప్‌లో ఉన్న రిపేర్, పాత బ్యాకప్, క్లౌడ్ నుంచి మళ్ళీ డౌన్‌లోడ్, రికవరీ సాఫ్ట్‌వేర్, చివరికి డేటా రికవరీ ల్యాబ్. వీటిలో కొన్ని డిస్క్ మీద ఏమీ రాయవు. కొన్ని రాస్తాయి. రాసేవాటిని ముందు ప్రయత్నిస్తే, అవి పని చేయనప్పుడు మిగతా దారులు కూడా మూసుకుపోతాయి. అందుకే ఏ దారి ఎంత తొందరగా పనవుతుందో చూడటం కంటే, అది విఫలమైతే మొదటికి రాగలమా లేదా అని చూసి ఎంచుకోమంటాను.

పోయింది ఫొటోలా, వాటి జాబితానా?

ఫొటో లైబ్రరీ అంటే రెండు విషయాలు. ఒకటి అసలు ఫొటో ఫైళ్ళు. రెండోది వాటి జాబితా, అంటే ఏ ఫొటో ఏ ఆల్బమ్‌లో ఉంది, ఎవరి ముఖం ఎక్కడుంది, ఏ ఎడిటింగ్ చేశాం అని రాసిపెట్టుకునే డేటాబేస్. ఎక్కువసార్లు పాడయ్యేది ఈ జాబితానే. ల్యాప్‌టాప్ చార్జింగ్ అయిపోయి మధ్యలో ఆగిపోవడం, యాప్ నడుస్తుండగానే ఎక్స్‌టర్నల్ డిస్క్ పీకేయడం, డిస్క్ పూర్తిగా నిండిపోవడం, ఇవే దీనికి మామూలు కారణాలు.

మ్యాక్‌లో ఫొటోస్ యాప్ లైబ్రరీ పిక్చర్స్ ఫోల్డర్‌లో ఒకే ఫైల్‌లా కనిపిస్తుంది. నిజానికి అది ఫోల్డరే. దాని మీద రైట్ క్లిక్ చేసి షో ప్యాకేజ్ కంటెంట్స్ ఎంచుకుంటే లోపల ఒరిజినల్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. 2019లో వచ్చిన కాటలీనా కంటే పాత మ్యాక్‌ఓఎస్‌లలో దాని పేరు మాస్టర్స్. అందులో ఫైళ్ళు ఉండి, ఒకటి రెండు స్పేస్ బార్ నొక్కి చూస్తే బొమ్మ కనిపించిందంటే మీ ఫొటోలు క్షేమం. అక్కడ చూడండి, కావాలంటే బయటికి కాపీ చేసుకోండి, కానీ లోపల ఒక్క ఫైల్‌ను కూడా కదపకండి, పేరు మార్చకండి. అడోబీ ఫొటో ఎడిటింగ్ యాప్ లైట్‌రూమ్ క్లాసిక్‌లో ఈ విభజన ఇంకా స్పష్టం. కేటలాగ్, అంటే జాబితా, ఒక చోట, ఫొటోలు మీరు పెట్టిన ఫోల్డర్లలో ఉంటాయి. విండోస్ ఫొటోస్ యాప్‌కు ఇలాంటి మూసిన లైబ్రరీ లేదు. మీరు చూపించిన ఫోల్డర్లలో ఏముందో అదే చూపిస్తుంది.

అసలు ఏమీ పాడవకుండానే ఫొటోలు కనిపించకపోవడం నేను చాలాసార్లు చూశాను. మ్యాక్‌లో పొరపాటున రెండో లైబ్రరీ తయారై, యాప్ ఆ ఖాళీదాన్ని తెరుస్తూ ఉండొచ్చు. ఆప్షన్ కీ నొక్కి పట్టుకుని ఫొటోస్ తెరిస్తే ఏ లైబ్రరీ కావాలో అడుగుతుంది. లైబ్రరీ ఉన్న ఎక్స్‌టర్నల్ డిస్క్ తగిలించకపోయినా ఇదే కథ. విండోస్‌లో వన్‌డ్రైవ్ బ్యాకప్ ఆన్ అయితే పిక్చర్స్ ఫోల్డర్ వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లోకి మారిపోతుంది. పాత చోట వెతికేవాళ్ళకు ఖాళీగా కనిపిస్తుంది. ఒక్కోసారి విండోస్ మన యూజర్ అకౌంట్ సరిగా లోడ్ కాక తాత్కాలిక ప్రొఫైల్‌లోకి తీసుకెళ్తుంది. అప్పుడు డెస్క్‌టాప్, పిక్చర్స్ అన్నీ కొత్త కంప్యూటర్‌లా ఉంటాయి. సీ డ్రైవ్‌లో యూజర్స్ ఫోల్డర్ తెరిచి మీ అసలు పేరు మీద ఉన్న ఫోల్డర్ చూడండి. విండోస్ కొత్త వెర్షన్‌కు అప్‌గ్రేడ్ అయ్యాక పోయాయంటే సీ డ్రైవ్‌లోనే విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్ చూడండి. అప్‌గ్రేడ్ తర్వాత అది మామూలుగా 10 రోజులే ఉంటుంది కాబట్టి ఈ పని మాత్రం వెంటనే చేయాలి.

ఐఫోన్ నుంచి కాపీ చేసిన ఫొటోలు కొన్ని విండోస్‌లో తెరుచుకోకపోతే అవి పాడయ్యాయని అనుకోకండి. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఐఫోన్లు హెచ్‌ఈఐసీ అనే ఫార్మాట్ వాడుతున్నాయి. దానికి కావలసిన ఎక్స్‌టెన్షన్‌ను మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి వేసుకుంటే మామూలుగా తెరుచుకుంటాయి.

రిపేర్ ముందా, బ్యాకప్ ముందా?

లైబ్రరీ దొరికింది కానీ తెరుచుకోవడం లేదు, లేదా తెరుచుకుని మధ్యలో మూసుకుపోతోంది అనుకుందాం. ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. యాప్‌లోనే రిపేర్ బటన్ ఉంటుంది కాబట్టి దాన్నే నొక్కేస్తారు.

మ్యాక్ ఫొటోస్‌లో ఆప్షన్, కమాండ్ కీలు రెండూ పట్టుకుని యాప్ తెరిస్తే రిపేర్ లైబ్రరీ వస్తుంది. లైట్‌రూమ్ క్లాసిక్ అయితే కేటలాగ్ పాడైందని గుర్తించినప్పుడు తనే రిపేర్ చేయనా అని అడుగుతుంది. ఇవి మంచి సాధనాలే. కానీ అవి సరిచేసేది జాబితాను మాత్రమే. ఫొటో ఫైల్ సగం చెడిపోయి ఉంటే రిపేర్ దాన్ని బాగుచేయలేదు. పైగా ఉన్న డేటాబేస్ మీదే మార్పులు చేస్తుంది. పెద్ద లైబ్రరీకి గంటలు పడుతుంది, మధ్యలో కంప్యూటర్ ఆగితే మొదటికంటే ఘోరమైన స్థితిలో మిగలొచ్చు. ఐక్లౌడ్ ఫొటోస్ వాడేవాళ్ళకు రిపేర్ అయ్యాక లైబ్రరీ మొత్తం మళ్ళీ ఐక్లౌడ్‌తో సరిపోల్చుకుంటుంది, దానికి ఇంకా ఎక్కువ సమయం పట్టొచ్చు.

బ్యాకప్ సంగతి వేరు. మ్యాక్‌లో ఉండే టైమ్ మెషీన్ బ్యాకప్ నుంచి గానీ, విండోస్‌లో ఉండే ఫైల్ హిస్టరీ బ్యాకప్ నుంచి గానీ పాత లైబ్రరీని వేరే చోటికి తీసుకుంటే ఉన్నదాన్ని ముట్టుకోనక్కరలేదు. ఆ బ్యాకప్ తర్వాత తీసిన ఫొటోలు అందులో ఉండవు, అంతే నష్టం. వాటిని పాడైన లైబ్రరీలోని ఒరిజినల్స్ నుంచో, ఫోన్ నుంచో విడిగా తెచ్చి కలుపుకోవచ్చు. ఒక జాగ్రత్త అవసరం. లైబ్రరీ పాడయ్యాక కూడా టైమ్ మెషీన్ పని చేస్తూనే ఉంటుంది, పాడైనదాన్నే బ్యాకప్ తీస్తుంది. గత 24 గంటలకు గంటకొకటి, గత నెలకు రోజుకొకటి, అంతకుముందు వారానికొకటి చొప్పున కాపీలు ఉంచుతుంది కాబట్టి, లైబ్రరీ బాగున్నట్టు మీకు గట్టిగా గుర్తున్న తేదీకి వెళ్ళండి.

నా సలహా ఇది. ఇంకో డిస్క్‌లో లైబ్రరీ మొత్తం పట్టేంత చోటు ఉంటే, యాప్ మూసేసి ముందు దాన్ని అలాగే కాపీ చేయండి. ఆ కాపీ ఉన్నప్పుడు రిపేర్‌తో మొదలుపెట్టడమే మంచిది. అది కుదిరితే నిన్నటి ఆల్బమ్‌లు, ఎడిటింగ్‌లతో సహా అన్నీ దొరుకుతాయి, కుదరకపోతే మొదటికి రావచ్చు. కాపీ తీయడం కుదరకపోతే రిపేర్ జోలికి వెళ్ళకండి, బ్యాకప్‌నే వేరే డిస్క్‌కు తీసుకుని అది తెరుచుకుంటుందో లేదో చూడండి. కాపీ, బ్యాకప్ రెండూ లేకుండా రిపేర్ నొక్కడం మాత్రం వద్దే వద్దు. కొత్త డిస్క్ తెచ్చుకునేదాకా రెండు రోజులు ఫొటోలు చూడకుండా ఉండటం కష్టమేమీ కాదు. మ్యాక్ లైబ్రరీ కాపీ చేసే డిస్క్ ఏపీఎఫ్ఎస్ లేదా మ్యాక్ ఓఎస్ ఎక్స్‌టెండెడ్ ఫార్మాట్‌లో ఉండాలి. టైమ్ మెషీన్‌కు వాడే డిస్క్‌లోనే లైబ్రరీని కూడా పెట్టవద్దని ఆపిల్ చెబుతుంది, ఆ మాట వినండి.

లైట్‌రూమ్ వాడేవాళ్ళు ఒకటి తెలుసుకోవాలి. యాప్ మూసేటప్పుడు అది తీసే బ్యాకప్‌లో కేటలాగ్ మాత్రమే ఉంటుంది, ఫొటోలు ఉండవు. బ్యాకప్స్ ఫోల్డర్‌లో తేదీల వారీగా జిప్ ఫైళ్ళు కనిపిస్తే నిశ్చింతగా ఉంటారు చాలామంది. డిస్క్ పోయిన రోజున వాటిలో మిగిలేది జాబితా ఒక్కటే. ఫొటో మీద ఆశ్చర్యార్థకం, ఫోల్డర్ మీద ప్రశ్నార్థకం కనిపిస్తే మాత్రం కంగారు అక్కర్లేదు. ఫొటోలను లైట్‌రూమ్ బయట ఎవరో కదిపారని అర్థం. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి అది ఇప్పుడు ఎక్కడుందో చూపిస్తే సరిపోతుంది.

రిపేర్ కుదరలేదు, బ్యాకప్ లేదు, కానీ ఒరిజినల్స్ ఫోల్డర్ బాగుంది అన్నప్పుడు కొత్త ఖాళీ లైబ్రరీ చేసి అందులోకి ఆ ఫైళ్ళను ఇంపోర్ట్ చేయండి. ఆల్బమ్‌లు, ముఖాల పేర్లు, ఎడిటింగ్ పోతాయి. కొత్త మ్యాక్‌ఓఎస్‌లలో ఫైల్ పేర్లు అక్షరాలు, అంకెల గుంపుగా మారి ఉంటాయి. అయినా ఫొటో తీసిన తేదీ ఫైల్ లోపలే ఎక్సిఫ్ సమాచారంగా ఉంటుంది కాబట్టి వరుస మళ్ళీ సరిగ్గానే వస్తుంది. దీన్ని ఓటమిగా చూడకండి. ఆల్బమ్‌లు నాలుగు ఆదివారాలు కూర్చుంటే మళ్ళీ చేసుకోవచ్చు.

క్లౌడ్ ఉందిగా అంటే

ఐక్లౌడ్, గూగుల్ ఫొటోస్, వన్‌డ్రైవ్‌లలో ఏది వాడుతున్నా, ముందు వేరే ఫోన్‌లోనో వేరే కంప్యూటర్‌లోనో వెబ్‌సైట్ తెరిచి ఫొటోలు అక్కడ ఉన్నాయా చూడండి. ఉంటే ఇక రిపేర్‌తో కుస్తీ పట్టాల్సిన పనే లేదు. పాడైన లైబ్రరీని పక్కన పెట్టి కొత్తదానిలోకి డౌన్‌లోడ్ కానివ్వడం అన్నింటికంటే సులభం. సమయం పడుతుంది, కానీ ప్రమాదం తక్కువ.

అయితే సింక్ అంటే బ్యాకప్ కాదు. ఒక చోట డిలీట్ చేస్తే అన్ని చోట్లా డిలీట్ అవుతుంది. ఐక్లౌడ్ ఫొటోస్‌లో డిలీట్ అయినవి రీసెంట్లీ డిలీటెడ్‌లో 30 రోజులు ఉంటాయి. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయినవి ట్రాష్‌లో 60 రోజులు, వ్యక్తిగత వన్‌డ్రైవ్ రీసైకిల్ బిన్‌లో 30 రోజులు. ఈ గడువు నడుస్తుండగా మీరు రిపేర్లతో వారాలు గడిపితే తేలిగ్గా దొరికేవి కూడా చేజారతాయి. అందుకే ఈ చెత్తబుట్టలను మొదటి రోజే చూడాలి.

ఇంకో మెలిక ఉంది. మ్యాక్‌లో ఆప్టిమైజ్ మ్యాక్ స్టోరేజ్ ఆన్ చేసి ఉంటే కొన్ని ఒరిజినల్స్ ఐక్లౌడ్‌లోనే ఉంటాయి, డిస్క్‌లో చిన్న సైజు కాపీలే ఉంటాయి. అలాంటి లైబ్రరీని టైమ్ మెషీన్ బ్యాకప్ తీసినా అందులోకి వచ్చేది ఆ చిన్న కాపీలే. వన్‌డ్రైవ్‌లో మేఘం గుర్తు ఉన్న ఫైళ్ళదీ ఇదే పరిస్థితి. గూగుల్ ఫొటోస్‌లో స్టోరేజ్ సేవర్ ఎంచుకున్నవాళ్ళకు 16 మెగాపిక్సెళ్ళకు మించినవి తగ్గించిన సైజులోనే తిరిగి వస్తాయి. మన డేటాను డౌన్‌లోడ్ చేసుకోవడానికి గూగుల్ ఇచ్చే టేకౌట్ ద్వారా మొత్తం తెచ్చుకుంటే ప్రతి ఫొటో పక్కన ఒక జేసన్ ఫైల్ కూడా వస్తుంది. మీరు గూగుల్‌లో మార్చిన తేదీలు, రాసిన వివరణలు అందులో ఉంటాయి. దాన్ని పనికిరానిదని తీసేయకండి.

రికవరీ సాఫ్ట్‌వేర్: డిస్క్ ఏ రకమో చూసి ఆశపడండి

నిజంగా డిలీట్ అయ్యాయి, బ్యాకప్ లేదు, క్లౌడ్‌లో లేవు. ఇప్పుడు మాత్రమే రికవరీ సాఫ్ట్‌వేర్ గురించి ఆలోచించాలి. ఇక్కడ ప్రోగ్రామ్ పేరు కంటే డిస్క్ రకమే ముఖ్యం. పాత తరహా తిరిగే హార్డ్ డిస్క్‌లో ఫైల్ డిలీట్ చేస్తే దాని చోటు ఖాళీ అని గుర్తు పెడతారు తప్ప డేటా అక్కడే ఉంటుంది, దాని మీద కొత్తది రాసేవరకు. తిరిగే భాగాలు లేని కొత్త తరహా డిస్క్ అయిన ఎస్ఎస్‌డీలో ట్రిమ్ అనే ఏర్పాటు వల్ల డిలీట్ అయిన చోటును డిస్క్ తనే శుభ్రం చేసేసుకుంటుంది, చాలాసార్లు కొద్దిసేపట్లోనే. అందువల్ల కంప్యూటర్ లోపలి ఎస్ఎస్‌డీ నుంచి డిలీట్ అయిన ఫొటోలు సాఫ్ట్‌వేర్‌తో దొరికే అవకాశం చాలా తక్కువ. హార్డ్ డిస్క్, కెమెరా మెమరీ కార్డులకు మాత్రం తప్పకుండా ప్రయత్నించాలి.

ప్రయత్నించేముందు ఆ డిస్క్ వాడకం ఆపేయండి. ఇది నాకు కష్టంగా తెలిసిన విషయం. మా నాన్న చివరి రెండేళ్ళ ఫొటోలు ఉన్న ఫోల్డర్ డిలీట్ అయినప్పుడు, కంగారులో రికవరీ ప్రోగ్రామ్‌ను అదే డిస్క్‌లో డౌన్‌లోడ్ చేసి అక్కడే ఇన్‌స్టాల్ చేశాను. దొరికిన ఫొటోలను కూడా అదే డిస్క్‌లో సేవ్ చేశాను. కొన్ని వచ్చాయి. మిగిలినవాటి మీద నేనే కొత్త ఫైళ్ళు రాసేశానని తర్వాత అర్థమైంది. డిస్క్ తీసి వేరే కంప్యూటర్‌కు తగిలించి స్కాన్ చేయడం, దొరికినవి ఇంకో డిస్క్‌లో సేవ్ చేయడం, ఈ రెండూ తప్పనిసరి అని అప్పటి నుంచి అందరికీ చెబుతున్నాను.

ఉచితంగా దొరికేవాటిలో ఫొటోరెక్ మీద నాకు ఎక్కువ నమ్మకం. అది ఫోల్డర్ల జాబితాను పట్టించుకోకుండా డిస్క్ అంతా చదువుకుంటూ పోయి, ఇక్కడ జేపెగ్ మొదలైంది అని ఫైల్ ఆనవాళ్ళను బట్టి బయటికి తీస్తుంది. డిస్క్ ఫార్మాట్ అయిపోయినా పని చేయడానికి కారణం ఇదే. బదులుగా ఫైల్ పేర్లు, ఫోల్డర్లు పోతాయి. అప్పటిదాకా ఇంటర్నెట్‌లో చూసిన బొమ్మలు, యాప్ దాచుకున్న థంబ్‌నెయిళ్ళు (ఫొటోల చిన్న బొమ్మలు) కూడా వేలల్లో వచ్చి పడతాయి. వాటిని సైజు ప్రకారం అమర్చి చిన్నవి పక్కన పెట్టండి, మిగిలినవాటికి ఎక్సిఫ్‌టూల్ అనే ప్రోగ్రామ్‌తో ఫొటో తీసిన తేదీని బట్టి పేర్లు పెట్టుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ ఇచ్చే విండోస్ ఫైల్ రికవరీ కూడా ఉచితమే. ఈమధ్యే డిలీట్ అయిన ఫైళ్ళను పేర్లతో సహా తేగలదు, కానీ కమాండ్లు టైప్ చేయడం రావాలి. డబ్బులిచ్చి కొనేవి వాడటానికి సులభం, ఫోల్డర్లతో సహా చూపించే అవకాశం ఎక్కువ. అయితే ఫైల్ పేర్ల జాబితా చూసి డబ్బు కట్టకండి. ప్రివ్యూలో మీ ఫొటోలు నిజంగా తెరుచుకుంటేనే కొనండి. పేరు కనిపించినంత మాత్రాన లోపల డేటా ఉన్నట్టు కాదు.

డిస్క్‌లోని డేటాకు తాళం వేసే బిట్‌లాకర్ (విండోస్) గానీ ఫైల్‌వాల్ట్ (మ్యాక్) గానీ ఆన్ అయి ఉంటే ముందు పాస్‌వర్డ్‌తో లేదా రికవరీ కీతో దాన్ని అన్‌లాక్ చేయాలి. కీ లేకపోతే ఏ ప్రోగ్రామూ ఏమీ చదవలేదు.

డిస్కే జబ్బుపడితే

కాపీ చేస్తుంటే ఒక్కో ఫైల్ దగ్గర నిమిషాల తరబడి ఆగిపోవడం, డిస్క్ నుంచి టిక్ టిక్ శబ్దం, ఒకసారి కనిపించి ఒకసారి మాయమవడం, ఇవి లైబ్రరీ సమస్యలు కావు. విండోస్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ప్రోగ్రామ్‌తో డిస్క్ ఆరోగ్యం చూసి, పెండింగ్ సెక్టార్ల (డిస్క్ చదవలేకపోతున్న చోట్ల) సంఖ్య సున్నా కాకపోతే అనుమానించండి. ఇలాంటి డిస్క్ మీద విండోస్‌లోని చెక్‌డిస్క్ నడపమని చాలామంది సలహా ఇస్తారు, నేను గట్టిగా వద్దంటాను. చెక్‌డిస్క్ పని ఫైల్ సిస్టమ్‌ను పొందికగా చేయడం, మీ ఫొటోలను కాపాడటం కాదు. అది చెడిన ముక్కలను ఫౌండ్ అనే ఫోల్డర్‌లో పేరులేని ఫైళ్ళుగా పడేస్తుంది, పైగా నీరసించిన డిస్క్‌తో గంటల తరబడి పని చేయిస్తుంది.

శబ్దం లేకుండా నెమ్మదిగా మాత్రమే ఉంటే, లినక్స్ తెలిసినవాళ్ళ సాయంతో జీఎన్‌యూ డీడీరెస్క్యూ వాడి మొత్తం డిస్క్‌కు ఇమేజ్, అంటే ఉన్నదున్నట్టు కాపీ, తీయించండి. అది ముందు బాగున్న చోట్లన్నీ చదివేసి, చెడ్డ చోట్లకు చివర్లో వస్తుంది. ఎక్కడ ఆగిందో మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి మళ్ళీ అక్కడి నుంచే మొదలవుతుంది. ఆ తర్వాత చేసే ప్రయోగాలన్నీ ఆ ఇమేజ్ మీదే. డిస్క్ కిందపడినా, నీళ్ళలో తడిసినా, టిక్కుమంటున్నా వెంటనే పవర్ తీసేయండి. మళ్ళీ మళ్ళీ ఆన్ చేసి చూడకండి, మూత అసలే తెరవకండి. అది ల్యాబ్ పని. ల్యాబ్‌ను ఎంచుకునేటప్పుడు ముందుగా పరీక్ష చేసి దొరికే ఫైళ్ళ జాబితా ఇస్తారా, డేటా రాకపోతే డబ్బు తీసుకుంటారా, డిస్క్ తెరిచే దుమ్ములేని గది, అంటే క్లీన్ రూమ్, వాళ్ళ దగ్గరే ఉందా అని అడగండి. ఖర్చు ఎక్కువే అవుతుంది. ఆ ఫొటోలు మీకు ఎంత ముఖ్యమో మీరే తేల్చుకోవాలి.

సగం బూడిద రంగులో తెరుచుకునే ఫొటోల గురించి కూడా ఒక మాట. ఫైల్ మధ్యలో డేటా తెగిపోయిందని దాని అర్థం. ఆన్‌లైన్‌లో దొరికే ఫొటో రిపేర్ సేవలు ఫైల్ మొదట్లోని హెడర్ చెడితే బాగుచేయగలవు, లేని డేటాను పుట్టించలేవు. అలాంటప్పుడు ఆ ఫొటో ఇంకో రూపంలో ఎక్కడైనా ఉందేమో వెతకండి. మ్యాక్ లైబ్రరీలో రిసోర్సెస్ అనే ఫోల్డర్‌లో తగ్గించిన కాపీలు ఉంటాయి. కెమెరా నేరుగా రాసే రా (RAW) ఫైళ్ళలో సాధారణంగా ఒక జేపెగ్ ప్రివ్యూ దాగి ఉంటుంది. పక్కన పడేసిన పాత ఫోన్, ఫార్మాట్ చేయని మెమరీ కార్డు, అప్పట్లో ఆ ఫొటోలు పంపించిన అక్కలు, అన్నయ్యల వాట్సాప్ చాట్‌లు చూడండి. వాట్సాప్ ఫొటోల సైజు తగ్గిస్తుంది, తీసిన తేదీ వివరాలూ ఉంచదు. అయినా ముఖం స్పష్టంగా కనిపించే చిన్న ఫొటో దొరికితే అది చాలా పెద్ద విషయం.

అన్నీ తిరిగి వచ్చాయనిపించాక పాడైన లైబ్రరీని ఆ రోజే తీసేయకండి. మొత్తం ఫొటోల సంఖ్యను పాతదానితో పోల్చండి. ఒక్కో సంవత్సరం నుంచి పది ఫొటోలు, రెండు వీడియోలు పూర్తి సైజులో తెరిచి చూడండి, థంబ్‌నెయిల్ కనిపించడం లెక్కలోకి రాదు. మూడు కాపీలు, రెండు వేర్వేరు డిస్క్‌ల మీద, అందులో ఒకటి ఇంటి బయట ఉండేలా చేసుకున్నాక, కనీసం రెండు మూడు నెలలు ఆగి అప్పుడు ఆ పాత లైబ్రరీని డిలీట్ చేయండి.